ఇది ఏ వారం?

కీమో నడుస్తున్న ఇంట్లో బతుకమ్మ నుంచి కార్తీకం దాకా రోజులు ఎలా గడిచాయో చెబుతున్నారు వికారాబాద్‌కు చెందిన ఒక టీచర్

భాద్రపదం చివరికొచ్చేసరికి మా వికారాబాద్‌లో వానలు తగ్గుముఖం పడతాయి. పొద్దున్నే అనంతగిరి గుట్టల మీద మంచు కమ్ముకుంటుంది. రోడ్ల పక్కన తంగేడు విరగబూస్తుంది. గుట్టల్లో కోసిన సీతాఫలాలు గంపలకెక్కి బస్టాండు దగ్గరికి దిగుతాయి. మా తల్లిగారి వైపు, తాండూరు నల్లరేగడి చేలల్లో కంది నడుము దాటి పెరుగుతుంది. అక్కడి నుంచి కార్తీక పున్నమి దాకా మా ఇళ్లల్లో పండుగ మీద పండుగే. పెత్తరమాస, బతుకమ్మ, దసరా, దీపావళి, ఆపైన అనంతగిరి జాతర.

పోయినేడు ఆ రెండు నెలలూ నేను కీమో ఎక్కించుకుంటూ గడిపాను.

నేను సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఎండాకాలం సెలవుల్లో స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. పరీక్షలు చేస్తే క్యాన్సరని తేలింది. ఆపరేషన్ అయింది. వినాయక చవితి ముందర కీమో మొదలైంది. ఇంట్లో మా ఆయన, అత్తమ్మ, ఇంటర్ చదివే కొడుకు, ఎనిమిదో తరగతి కూతురు.

ఆపరేషన్ల గురించి, కొత్త మందుల గురించి పత్రికల్లో చాలానే వస్తుంది. కానీ ఆస్పత్రిలో గడిచేవి నెలలో కొన్ని రోజులే. మిగతా రోజులన్నీ ఇంట్లోనే, అన్నం కూరల మధ్యే, పిల్లల పరీక్షల మధ్యే గడుస్తాయి. ఆ రోజుల్లో ఏం చేయాలో తెలియకే చాలా ఇళ్లు సగం చితికిపోతాయి. మన దేశంలో 2022లో కొత్తగా 14.6 లక్షల మంది క్యాన్సర్ బారిన పడ్డారని భారత వైద్య పరిశోధన మండలి రిజిస్ట్రీల అంచనా. 2012–16 మధ్య లెక్కలు చూస్తే, దేశంలోని రిజిస్ట్రీలన్నింటిలోకీ రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్ జిల్లాలోనే ఎక్కువ. ప్రతి లక్ష మంది ఆడవాళ్లలో ఏటా 48 మందికి వచ్చింది. మా ఇంట్లో ఏం చేశామో చెబితే ఇంకో ఇంటికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

క్యాలెండర్ మీద మూడు రంగులు

మా వంటింటి తలుపు వెనక కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటుంది. తిథులు, వర్జ్యాలు, పండుగలు అన్నీ అందులోనే చూస్తాం. రెండో కీమో అయ్యాక మా అమ్మాయి దాని మీద మూడు రంగుల పెన్నులతో గళ్లు నింపింది. మందు ఎక్కించిన రోజు నుంచి మొదటి వారం ఎరుపు. రెండో వారం నలుపు. మూడో వారం ఆకుపచ్చ. మళ్లీ ఎరుపు.

నాకిచ్చిన మందులు మూడు వారాలకోసారి పడతాయి. ఆ 21 రోజుల లెక్కకు కారణం మన ఒంట్లోనే ఉంది. క్యాన్సర్ కణాలు ఆగకుండా చీలుతుంటాయి. కీమో మందు అట్లా వేగంగా చీలే కణాల్ని పట్టి చంపుతుంది. కానీ వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల్లోని మూలుగ కూడా వేగంగా చీలేవే. దెబ్బ వాటికీ తగులుతుంది. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, వాంతులు, విరేచనాలు అవుతాయి. మూలుగలో తయారయ్యే తెల్ల రక్తకణాలు మందు పడ్డాక ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య బాగా అడుగంటుతాయి. ఆస్పత్రి భాషలో చెప్పాలంటే కౌంట్లు పడిపోతాయి. మూడో వారంలో మూలుగ మళ్లీ కోలుకుంటుంది. అప్పుడు మళ్లీ మందు ఎక్కిస్తారు.

ఈ లెక్క తెలిశాక ఇంట్లో అయోమయం పోయింది. ఎప్పుడు నీరసపడతానో, ఎప్పుడు జాగ్రత్తగా ఉండాలో, ఎప్పుడు లేచి తిరగగలనో ముందే తెలిసేది. పండుగ ఏ రంగు మీద పడుతుందో చూసి దానికి తగ్గట్టు పని పంచుకున్నాం. కీమో తేదీని మాత్రం పండుగ కోసం జరపమని అడగలేదు. డాక్టరు చెబితే తప్ప ఆ తేదీ కదలకూడదు.

తాండూరు నుంచి మా మరదలు ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట, ‘‘వదినా, ఇది ఏ వారం?’’ అనేది. నలుపు వారం అంటే రాకుండా కూరలు వండి తమ్ముడి చేత గుమ్మం దాకా పంపేది. ఆకుపచ్చ అంటే పిల్లల్ని వెంటబెట్టుకుని రైలెక్కేది. బళ్లో తోటి టీచర్లకూ అదే అలవాటైంది.

ఎర్ర వారం

నాకు మొదట పడ్డ మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. పేరు అడ్రియామైసిన్. ఇటలీలో అడ్రియాటిక్ సముద్రతీరం దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశారు. ఎక్కించిన తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పి ఉంచారు కాబట్టి మేం బెదరలేదు.

మందు అవశేషాలు మొదటి 48 గంటలు మూత్రంలో, వాంతుల్లో బయటికి వస్తాయి. అందుకని ఆ రెండు రోజులు నేను వాడాక బాత్రూంలో రెండుసార్లు నీళ్లు వదిలేవాళ్లం. నా బట్టలు విడిగా, చేతులకు గ్లౌజులు తొడుక్కుని ఉతికేవాళ్లు. ఆ పని మా ఆయన ఎవరికీ వదల్లేదు. అంతకు మించి నన్ను వేరు పెట్టాల్సిన అవసరం లేదు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. చుట్టాలొకరు వచ్చి, ఆమెకు కంచం గ్లాసు వేరే పెట్టండి అంటే మా అత్తమ్మ నా పక్కనే కూర్చుని, నేను తిన్న కంచంలోనే అన్నం పెట్టుకుని తిన్నది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆ చుట్టం మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఎర్ర వారంలో పోపు వాసన పడితే కడుపులో తిప్పేది. పొద్దున వంట అంతా పెరట్లో కట్టెల పొయ్యి మీదికి మార్చారు. వాంతుల మాత్ర అన్నానికి అరగంట ముందు. రాగిజావ, పెసరపప్పు కట్టు, పలచటి మజ్జిగ కొద్దికొద్దిగా, గంట గంటకూ. మా అబ్బాయి కాలేజీకి పోయేముందు సీసాలో నీళ్లు నింపి, మధ్యాహ్నానికి ఇంత తాగాలి అని మార్కరుతో గీత పెట్టి పోయేవాడు.

ఒకనాడు మా అమ్మాయి నా పక్కన పడుకుని, ‘‘మమ్మీ, నాకు గూడ వస్తదా?’’ అని అడిగింది. పిల్లల దగ్గర దాస్తే వాళ్లు అంతకంటే పెద్దది ఊహించుకుంటారు. అందుకే ఉన్నదున్నట్టు చెప్పాను. రొమ్ము క్యాన్సర్లలో వంశంలోంచి వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. మన కుటుంబంలో ఇంకెవరికీ లేదు. నీకు ముప్పై ఏళ్లు వచ్చాక క్రమం తప్పకుండా చూపించుకోవాలి, అంతే. తర్వాతి రోజు నుంచే అది క్యాలెండర్ బాధ్యత తన మీద వేసుకుంది.

నల్ల వారం

పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ. సరిగ్గా ఆ రోజుకే గళ్లు నల్లబడ్డాయి. ఊళ్లో ఆడవాళ్లంతా గుడి ముందు చేరతారు. ఆ గుంపులో ఒక్కరికి జలుబున్నా నాకు ప్రమాదమే. పైగా మా దగ్గర ఆ కాలం డెంగీల కాలం, వైరల్ జ్వరాల కాలం. అందుకని నేను పోలేదు. తడి మట్టి, నిలవ నీళ్లలో నానిన పూలు కూడా ముట్టుకోవద్దన్నారు, బూజు క్రిములు ఉంటాయని. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అత్తమ్మ గునుగు పూల కొసలు కత్తిరించి, రంగుల్లో ముంచి ఆరబెట్టింది. తాంబాళంలో గుమ్మడాకు పరిచి, తంగేడు వరసకు ఎంత, బంతి ఎక్కడ, మీద గౌరమ్మను ఏ చామంతి మధ్య నిలపాలి అని మా అమ్మాయికి నేను చెబుతుంటే అది పేర్చింది. వరస వంకరపోతే విప్పి మళ్లీ పేర్చింది. చీకటి పడే వేళకు వాళ్లిద్దరూ మా వాకిట్లోనే చుట్టూ తిరిగి ఆడారు. నేను కూర్చుని పాట చెప్పాను, వాళ్లు అందుకున్నారు. ఏటా పాట చెప్పేది నేనే. ఆ పని నాకు ఉంచారు.

మూడో రోజు ముద్దపప్పు బతుకమ్మ. అప్పటికి నా నోరంతా పూసి, కారం మాట అటుంచి చారు కూడా మంటే. గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు తినే సోడా వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించేదాన్ని. అమ్మ పంపిన తాండూరు కందిపప్పు మెత్తగా ఉడికించి, నెయ్యి వేసి, అన్నంలో మెదిపి పెట్టింది అత్తమ్మ. ఆ వారం నాకు సయించింది అదొక్కటే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లరేగడి భూమిలో పండే ఆ పప్పు రుచి మా ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు. కీమోలో కండ కరిగిపోకుండా మాంసకృత్తులు బాగా తినాలంటారు. పప్పు, ఉడికిన గుడ్డు, పాలు, అప్పుడే వండిన కోడికూర. ఏదైనా వేడిగా, అప్పటికప్పుడు వండింది. పచ్చి కూరముక్కలు, బయట కోసిపెట్టిన పండ్లు, రోడ్డు మీద చెరుకురసం వద్దు. అరటి, బత్తాయి లాంటి తొక్క వలిచే పండ్లను కడిగి, వలుచుకుని తినవచ్చు.

నవరాత్రుల్లో నేనెప్పుడూ ఒక్కపొద్దు ఉంటాను. కీమోలో ఉపవాసం కూడదు. మానేయడానికి నా మనసు ఒప్పుకోలేదు. అత్తమ్మ నా మొహం చూసి, ‘‘నీ ఒక్కపొద్దు గూడ నేనే ఉంటగాని, నువ్వు తిను బిడ్డా’’ అన్నది. డెబ్బై దాటిన మనిషి. తొమ్మిది రోజులూ ఉన్నది.

కౌంట్లు మరీ పడిపోకుండా ఒక ఇంజెక్షన్ ఇస్తారు. దాన్ని అందరూ కౌంట్ సూది అంటారు. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి, గడ్డకట్టకూడదు. హైదరాబాద్ నుంచి రైల్లో థర్మకోల్ డబ్బాలో, మంచుగడ్డకూ మందుకూ మధ్య గుడ్డ పెట్టి తెచ్చేవాళ్లం. మా వీధిలో ఉండే నర్సమ్మ పొట్ట మీద వేసేది. ఆ రాత్రి నడుమెముక, తుంటెముక లోపల్నుంచి నొప్పులు పుట్టేవి. మూలుగ పనిచేస్తోందనడానికి అది గుర్తని చెప్పారు కాబట్టి ఓర్చుకునేదాన్ని.

ఆకుపచ్చ వారం

సద్దుల బతుకమ్మ నాటికి మూడో వారం వచ్చింది. రక్తపరీక్షలో కౌంట్లు లేచాయి. మాస్కు పెట్టుకుని, గుంపుకు కొంచెం ఎడంగా, కాసేపు ఆడి రావచ్చన్నారు డాక్టరు.

అప్పటికి నా తల మీద ఒక్క వెంట్రుక లేదు. కీమో మొదలైన రెండు మూడు వారాలకు కుచ్చులు కుచ్చులుగా రాలితే, మా ఆయన చేతనే గుండు గీయించుకున్నాను. మన దగ్గర గుండు చూస్తే అడిగే మాట ఒకటే: తిరుపతికి పోయొచ్చినవా? ఔనంటే అయిపోయేది. కానీ నేను టీచర్ని. మా వీధి ఆడవాళ్లు కూడా నా మాట వింటారు. ‘‘లేదక్కా, రొమ్ము క్యాన్సర్. కీమో నడుస్తున్నది’’ అని అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. అట్లా చెప్పినందుకు ఇద్దరు ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి, తమ గడ్డల గురించి నా చెవిలో చెప్పారు. ఇద్దరినీ పరీక్షకు పంపించాను. ఇద్దరివీ క్యాన్సర్ కానివే. ఆ మాట విన్న నాడు నాకు ఎంత తేలికైందో!

సద్దుల నాడు తాండూరు నుంచి అమ్మ, మరదలు వచ్చారు. కొత్త చీర కట్టుకుని, తలకు అదే రంగు నూలు గుడ్డ చుట్టుకున్నాను. మరదలు చామంతి దండ తెచ్చి, ఒక్క క్షణం ఆగి, పిన్నీసుతో ఆ గుడ్డకే గుచ్చింది. ‘‘ఇగ పోదాం పా’’ అన్నది.

ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీశారు. అట్లా తీసిన వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది. ఆ చేతికి బీపీ చూడనివ్వను, సూది వేయనివ్వను, కొత్తిమీర తరిగినా వేలు తెగకుండా చూసుకుంటాను. బతుకమ్మను మా అమ్మాయి నెత్తిన పెట్టుకుంది. చప్పట్లకు మాత్రం అడ్డు లేదు. ఆ భుజం బిగుసుకుపోకుండా రోజూ గోడ మీద వేళ్లతో పైకి పాకించే కసరత్తు చేస్తున్నాను కదా, వంగి లేచి చప్పట్లు కొట్టడం దానికి మంచిదేనని ఫిజియోథెరపిస్టు ముందే చెప్పారు. మెల్లగా ఒక పాట అయ్యేదాకా ఆడాను. ఇంటికొచ్చి మలీద ముద్ద, నువ్వుల సద్ది కడుపునిండా తిన్నాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జబ్బు మనిషిని మంచానికి అతికించి, చేతిలోంచి పనంతా లాగేసుకుంటే ప్రేమ చూపించినట్టు కాదు. కీమోలో వచ్చే నీరసం విశ్రాంతి ఒక్కదానితో పోదు. రోజూ కొంత నడక, కొంత పని ఉంటేనే అది తగ్గుతుందని పరిశోధనలు కూడా తేల్చాయి. మా ఇంట్లో పాల లెక్క, చిట్టీ లెక్క, అమ్మాయి పాఠాలు నావే. ఎర్ర వారంలో వాటిని ఎవరో ఒకరు చూసేవాళ్లు. ఆకుపచ్చ వారం రాగానే పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టేవాళ్లు.

తాండూరులో పెద్దనాయిన

దసరాకు తాండూరు పోయాను. మా పెద్దనాయిన బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడు. ఊళ్లో ఇళ్లల్లో పరుచుకున్న తాండూరు బండల్లో ఎన్నో ఆయన చేతి మీదుగా పోయినవే. చిన్నప్పటి నుంచి జర్దా బుగ్గన పెట్టే అలవాటు. నోటి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక కూడా తిరగబెట్టింది. ఇక నయమయ్యే దారి లేదని చెప్పేశారు.

నయం కాదు అంటే ఇక చేసేదేమీ లేదని మన వాళ్లు అనుకుంటారు. అది తప్పు. నొప్పి తగ్గించడం, పుండు వాసన రాకుండా కట్టు కట్టడం, అన్నం లోపలికి పోయేటట్టు చూడడం, ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడం, ఇవన్నీ వైద్యమే. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణలో జిల్లాల్లో కూడా ఈ కేంద్రాలు పెట్టారు, ఇంటికొచ్చి చూసే బృందాలూ ఉన్నాయి.

పెద్దనాయినకు మార్ఫిన్ మాత్రలు రాశారు. ఇంట్లో అందరికీ భయం, అదేదో మత్తుమందట, అలవాటైపోతదట అని. డాక్టరు చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడితే ఆ భయం అక్కర్లేదు. మార్ఫిన్‌ను ఆస్పత్రులకు తేలిగ్గా అందించడం కోసమే 2014లో మత్తుమందుల చట్టాన్ని పార్లమెంటు సవరించింది. నొప్పి లేచేదాకా ఆగకుండా గడియారం చూసి నాలుగు గంటలకోసారి ఇవ్వాలి. మలబద్ధకం తప్పక వస్తుంది కాబట్టి దానికి మందు కూడా మొదటి రోజు నుంచే వేయాలి. పెద్దమ్మకు చదువు రాదు. అందుకని మనవడు పాత గడియారం మీద మాత్ర వేయాల్సిన అంకెల పక్కన పసుపు బొట్లు పెట్టాడు. ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు.

అన్నం ముక్కులోంచి వేసిన గొట్టంలోనే. పప్పు కట్టు, రాగిజావ, పాలు పలచగా వడగట్టి, ఆయన్ని వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టి మెల్లగా పోసేది పెద్దమ్మ. పోసిన తర్వాత గొట్టంలో మంచినీళ్లు వదిలేది, పూడకుండా. అరగంటదాకా పడుకోనిచ్చేది కాదు. వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆమెకు నర్సు ఒక్కసారే చెప్పింది.

దసరా నాడు పాలపిట్టను చూడాలి. పొద్దుగూకే ముందు పిల్లలు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి వాకిలి బయటికి తెచ్చారు. కరెంటు తీగ మీద నీలం రెక్కలు మెరిశాయి. ఆయన చెయ్యెత్తి చూపించాడు. మాట సరిగా రాదు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, తలకు చుట్టుకున్న గుడ్డ మీద చెయ్యి వేశాడు. ఆయన సంక్రాంతి చూడలేదు. కానీ ఆ చివరి నెలల్లో నొప్పితో అరవలేదు, ఆస్పత్రి వరండాల్లో పడి ఉండలేదు. మనవలు అటూ ఇటూ తిరిగే ఇంట్లో ఉన్నాడు.

పెద్దమ్మకు మాత్రం నిద్ర పోయింది. చూసుకునేవాళ్లకు ఇట్లా దిగులు పట్టుకుంటే మాట్లాడడానికి 14416 అనే టెలిమానస్ నంబరు ఉంది. డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు. జర్దా, గుట్కా మానాలనుకునేవాళ్లకు 1800-11-2356. ఆ నంబరుకు మా తమ్ముడి చేత నా ఎదుటే ఫోన్ చేయించాను.

ఆకులు, పసర్లు

జబ్బు సంగతి బయటపడ్డాక సలహాలకు కొదవ ఉండదు. ఎక్కువమంది చెప్పింది లక్ష్మణఫలం ఆకుల కషాయం. అది మనుషుల్లో క్యాన్సర్‌ను నయం చేస్తుందని రుజువు కాలేదు. పైగా కరీబియన్ దీవి గ్వాడలూప్‌లో ఆ కాయలు, ఆకులు ఎక్కువగా వాడినవాళ్లలో నరాల జబ్బు కనిపించిందని పరిశోధకులు రాశారు. ఇంకొకామె మా పెరట్లోని బిళ్ల గన్నేరు చూపించి, దీంట్లో క్యాన్సర్ మందు ఉందట కదా, నమలరాదా అన్నది. ఉన్న మాట నిజమే. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఆ మొక్క నుంచే వచ్చాయి. కానీ టన్నులకొద్దీ ఆకు నుంచి తీస్తే వచ్చేవి కొన్ని గ్రాములు. ఆ మందును మిల్లీగ్రాముల్లో తూచి, రకం చూసి ఇస్తారు. ఆకు నమిలితే మిగిలేది విషమే.

క్యాన్సర్ మందుల కథలో మన తెలుగువాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే కంపెనీలో నడిపిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందుల్ని తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని 1947లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. ఆ వరసలోదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నారు. ఈ సంగతి చెబితే, పసరు మందు తాగమని వచ్చిన మా బాబాయి కూడా కూర్చుని చివరిదాకా విన్నాడు.

పున్నమి నాటి జ్వరం

దీపావళి ఆకుపచ్చలో పడింది. పొగకు దూరంగా మేడ మీద దీపాలు పెట్టాను. కార్తీక పున్నమి మాత్రం మళ్లీ నలుపు. అనంతగిరి పద్మనాభుడి జాతరకు జనం బళ్ల మీద, బస్సుల మీద పోతుంటే కిటికీలోంచి చూశాను. సాయంత్రం తులసి దగ్గర దీపం పెట్టేసరికి ఒళ్లు వణికింది. థర్మామీటర్ పెడితే 101.

కీమోలో ఉన్న మనిషికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది మామూలు జ్వరం కాదు. తెల్లకణాలు లేని ఒంట్లో సూక్ష్మక్రిమి గంటల్లోనే రక్తమంతా పాకి ప్రాణం తీయగలదు. ఇంట్లో పారాసిటమాల్ వేసుకుంటే వేడి దిగుతుంది, లోపలి ముప్పు దాగిపోతుంది. అందుకే మాత్ర వేయకుండా ముందు ఆస్పత్రికి ఫోన్ చేయాలి, పొద్దున చూద్దాం అనుకోకుండా బయల్దేరాలి.

మా తలుపు పక్కన వినాయక చవితి నుంచి ఒక సంచి సిద్ధంగా ఉండేది. ఫైలు, ఆఖరి రక్తపరీక్ష, ఆరోగ్యశ్రీ కాగితాలు, రెండు జతల బట్టలు, ఛార్జరు. మా ఆయన సంచి అందుకున్నాడు. పక్కింటి తమ్ముడు కారు తీశాడు. హైదరాబాద్ డెబ్బై కిలోమీటర్లు. దారిలోనే ఆస్పత్రికి ఫోన్ చేసి, ‘‘కీమో పేషెంట్, జ్వరం, పదకొండో రోజు’’ అని చెప్పాడు. ఆ మూడు ముక్కలు చాలు, వాళ్లకు అర్థమైపోతుంది. పోగానే రక్తం తీసి, వెంటనే యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించారు. వారం తిరక్కుండా ఇంటికి వచ్చేశాను. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఆ 100.4 గుర్తుపెట్టుకోండి.

దారి ఖర్చులు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. అప్పటి నుంచే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. రైల్లో చికిత్సకు పోయే క్యాన్సర్ రోగికి, తోడు మనిషికి రాయితీ ఉంది. స్లీపర్‌లో రోగికి పూర్తిగా ఉచితం, తోడు మనిషికి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి వాళ్లు రైల్వే నమూనాలో సర్టిఫికెట్ ఇస్తారు. మా వైపు నుంచి నాంపల్లి పోయే రైలెక్కితే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి స్టేషనుకు దగ్గరే. 1955 నుంచి పేదవాళ్లకు క్యాన్సర్ వైద్యం చేస్తున్న సర్కారు ఆస్పత్రి అది. ప్రతి జిల్లా ఆస్పత్రిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రం పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అలాంటి కేంద్రం దగ్గర్లో ఉంటే తాండూరు, కొడంగల్ వైపు పల్లెలవాళ్లకు కీమో కోసం తెల్లవారుజామున లేచే బాధ తప్పుతుంది.

ముందున్న ఏళ్లు

ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ ఒక మాట. మన ఆరోగ్య ఉపకేంద్రాల్లో ముప్పై దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించే కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్తను అడగండి. గడ్డకు నొప్పి లేదంటే భయం లేదని కాదు. ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు పాకుతుందన్న మాటా నిజం కాదు. తొందరగా తేలినవాళ్లకే వైద్యం తేలిక.

నాకు ఆ మొదటి రకం మందుల నాలుగు విడతలు కార్తీకంతో అయ్యాయి. తర్వాత ఇంకో రకం కీమో, రేడియేషన్ నడిచాయి. పుష్యంలో తాండూరులో కంది కోతలు అవుతుంటే నేను ఇంకా చికిత్సలోనే ఉన్నాను. ఇప్పుడు రోజూ ఒక టామాక్సిఫెన్ మాత్ర. దాన్ని కనీసం ఐదేళ్లు వేసుకోవాలి, కొందరికి పదేళ్లు. అంతా అయిపోయాక మళ్లీ మామూలుగా బతుకుదాం అని ఆగితే, మా అమ్మాయి ఈలోపు డిగ్రీకి వచ్చేస్తుంది, అత్తమ్మ ఎనభైకి చేరుతుంది. వాళ్లు ఆగరు కదా.

కాబట్టి మీ ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే, ముందు మందుల లెక్క డాక్టరును అడిగి ఇంటిల్లిపాదీ నేర్చుకోండి. చేయకూడని రోజుల్లో పొరపాటున కూడా చేయనివ్వకండి. చేయగలిగిన రోజుల్లో ఆమె పని ఆమెకు ఇవ్వండి. పాట చెప్పేదాన్ని పాట చెప్పనివ్వండి, లెక్క రాసేదాన్ని రాయనివ్వండి. చూడ్డానికి పోయే చుట్టాలు గుమ్మంలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకోవద్దు. ముందు ఫోన్ చేసి, ఇది ఏ వారమో కనుక్కుని, దానికి తగ్గట్టు కూరో కబురో తీసుకుని పోండి.